భోజనాలయ్యాక ఓటు: ఉంబ్రియన్‌లో ‘సరిగ్గా’ అనే మాట

సోదరుల (ఒక పూజారుల సంఘంవాళ్ల) భోజనాలయ్యాక ఓటు తీసుకోవాలి, అంతా సరిగ్గా జరిగిందా లేదా అని. ఎక్కువమంది జరిగిందంటే సరే. లేదంటే పూజ జరిపించినవాడికి జరిమానా పడుతుంది. ఎంత అన్నది కూడా మెజారిటీయే తేలుస్తుంది.

ఇటలీలోని గుబ్బియోలో ఒక కంచు ఫలకం మీద, రెండు వేల ఏళ్ల కిందటే చెక్కిన నియమం ఇది. అలాంటి ఫలకాలు ఏడున్నాయి. 1456లో ఊరివాళ్లు వాటిని కొని దాచుకున్నారు. లాటిన్‌కు చుట్టమైన ప్రాచీన ఇటలీ భాష ఉంబ్రియన్ గురించి మనకు తెలిసిందంతా దాదాపు వాటి చలవే.

ఆ ‘సరిగ్గా’ను ఉంబ్రియన్లు ‘రెహ్తే’ అన్నారు. లాటిన్‌లో ‘రెక్తే’. ఓటు అనుకూలంగా వస్తే ‘ప్రూఫే సి’, అంటే బాగున్నట్టే. ఈ ‘ప్రూఫే’ లాటిన్ ‘ప్రొబే’కి తోబుట్టువు. అక్కడ ‘బ’ ఉన్నచోట ఇక్కడ ‘ఫ’ ఉంది. రెండు మాటల చివరా ఉన్న ‘ఏ’ని చూడండి. మనం ‘తెల్ల’కు ‘గా’ చేర్చి ‘తెల్లగా’ అన్నట్టే, విశేషణాన్ని క్రియావిశేషణం చేసేది అదే. ఒక మనిషి జరిమానా ఆ చిన్న మాట మీద ఆధారపడి ఉండటం నాకు భలే నచ్చుతుంది.

విశేషణం దగ్గర మాత్రం మన దారి వేరు. తెల్ల గిన్నె, తెల్ల గిన్నెలు, తెల్ల గిన్నెలతో: మన ‘తెల్ల’ కదలదు, మెదలదు. ఉంబ్రియన్‌లో తెల్ల గిన్నెలతో అనాలంటే ‘వెస్క్లిర్ అల్ఫిర్’. గిన్నెల చివరి ‘ఇర్’ తెలుపుకీ అంటుకుంది. నల్లవైతే ‘వెస్క్లిర్ అద్రిర్’. సంస్కృతం చదివినవాళ్లకు ‘శ్వేతైః పాత్రైః’ గుర్తొస్తుంది. 19వ శతాబ్దం మధ్యలో కిర్ఖాఫ్‌తో కలిసి ఉంబ్రియన్ శాసనాలను వివరించిన ఆఫ్రెఖ్ట్, తర్వాత ఋగ్వేదాన్ని రోమన్ లిపిలో అచ్చువేసిన పండితుడే.

విభక్తి ఇలా వెంట ఉంటే విశేషణం తన నామం పక్కనే నిలబడాల్సిన పని లేదు. ‘అబ్రోఫ్ త్రిఫ్ ఫేతు, హెరియెయి రోఫు హెరియెయి పెయు’. మాట వెంట మాట పెట్టి చూస్తే: మగ పందుల్ని మూడింటిని బలి ఇవ్వాలి, ఎర్రవైనా సరే నల్లవైనా సరే. రంగులు క్రియ దాటి చివర్లో వచ్చాయి. అయినా అవి ఎవరి రంగులో ఎవరికీ అనుమానం రాదు.

అదే పూజలో, తెల్ల గిన్నెలతో ప్రార్థించాక, వాటిని నల్లవాటి మీద పెట్టాలి. ఎలా పెట్టాలో కూడా ఒక క్రియావిశేషణమే చెబుతుంది: ‘ట్రాహ్వోర్ఫి’, అడ్డంగా.