రాత్రి తొమ్మిదింటికి స్లాబును ముట్టుకుని చూడండి

ఏప్రిల్‌లో ఒక రాత్రి తొమ్మిది గంటలకు పై అంతస్తు గదిలో స్టూలు వేసుకుని ఎక్కి, అరచేతిని స్లాబుకు ఆనించి చూడండి. సూర్యుడు అస్తమించి రెండు గంటలు దాటినా సీలింగు వేడిగానే తగులుతుంది. ఫ్యాను ఐదు మీద తిరుగుతున్నా వడగాలే ఎందుకు వస్తోందో అప్పుడు అర్థమవుతుంది. ఫ్యాను కొత్తగా చల్లదనాన్ని తయారుచేయదు. స్లాబు కింద వేడెక్కిన గాలినే మన మీదికి తోస్తుంది.

ఏలూరులో అమ్మ పడుకునే గది అలాంటిదే. రెండేళ్ళ క్రితం దాన్ని చల్లబరుద్దామని ఫాల్స్ సీలింగు వేయించాం. వేసినాయన "గాలి పొర ఉంటుంది కదండీ, వేడి దిగదు" అన్నాడు. డబ్బులు బాగానే అయ్యాయి, గది అందంగా తయారైంది, వేడి మాత్రం పెద్దగా తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో తెలుసుకోవడానికి చేసిన ప్రయత్నమే ఈ వ్యాసం. తెలుసుకున్నదాన్ని ముందే చెప్పేస్తాను. ఎండను స్లాబు పైనే ఆపాలి. ఒకసారి స్లాబులోకి దిగిన వేడిని కింద నుంచి ఆపడం ఖర్చెక్కువ, ఫలితం తక్కువ అయిన పని.

కాంక్రీటు స్వభావం చూద్దాం. నడి వేసవి మధ్యాహ్నం ఒక చదరపు మీటరు డాబా మీద దాదాపు 1000 వాట్ల ఎండ పడుతుంది. మామూలు సిమెంటు రంగు స్లాబు అందులో సుమారు మూడింట రెండు వంతులు తాగేస్తుంది. పైభాగం 60 డిగ్రీలకు చేరడం మన ఊళ్ళలో వింతేమీ కాదు. ఆ వేడి అడుగుకు చేరడానికి ఐదంగుళాల స్లాబులో మూడు నాలుగు గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నం రెండింటి ఎండ మనకు సాయంత్రం ఆరింటికి తగులుతుంది. పొయ్యి ఆర్పేశాక కూడా అట్లపెనం కాలుతూ ఉన్నట్టే, స్లాబు తాను దాచుకున్న వేడిని రాత్రంతా విడుదల చేస్తూ ఉంటుంది. అది గాలిని వేడెక్కించడంతో ఆగదు. కంటికి కనిపించని కిరణాలుగా నేరుగా మన ఒంటి మీదికి ప్రసరిస్తుంది. ఏసీ 24 చూపిస్తున్నా పై అంతస్తులో హాయిగా అనిపించకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు వేడిని ఆపే పదార్థాల సంగతి. వీటన్నిటి వెనకా ఉన్న సూత్రం ఒకటే: కదలని గాలి. గాలి వేడిని చాలా తక్కువగా మోస్తుంది, అయితే దాన్ని కదలకుండా బంధించాలి. పూర్వం సోడా బండి వాళ్ళు ఐసు దిమ్మను రంపపు పొట్టులో పెట్టి, పైన గోనెసంచి కప్పేవాళ్ళు. పొట్టు రేణువుల మధ్య చిక్కుకున్న గాలే ఐసును కాపాడేది. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వ్యాపారి బోస్టన్ నుంచి కలకత్తాకు ఓడలో మంచు పంపించాడు. నాలుగు నెలల సముద్ర ప్రయాణం తర్వాత కూడా సగానికి పైగా మంచు మిగిలింది. ఆ తర్వాత మద్రాసులో 1842లో కట్టిన ఐస్‌హౌస్ ఆ మంచును దాచడానికే. మెరీనా ఎదురుగా ఇప్పుడు వివేకానందర్ ఇల్లం అని పిలుస్తున్న భవనం అదే.

రంపపు పొట్టు చేసిన పనినే థర్మాకోల్ ఇంకా బాగా చేస్తుంది. థర్మాకోల్‌లో 98 శాతం గాలే. అంగుళం మందం థర్మాకోల్ ఎంత వేడిని ఆపుతుందో, కాంక్రీటుతో అంత ఆపాలంటే దాదాపు 45 అంగుళాల మందం కావాలి. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు తప్పు చేశానేమో అనుకుని మళ్ళీ వేశాను. తప్పు లేదు.

మరి డాబా మీద "వేడి తగలదు, నీళ్ళు దిగవు" అంటూ నాలుగంగుళాల మందాన వేసే ఇటుక ముక్కల కాంక్రీటు సంగతేమిటి? నీళ్ళకు వాలు ఇవ్వడానికి అది బాగానే పనికొస్తుంది. వేడి విషయంలో మాత్రం అది అర సెంటీమీటరు థర్మాకోల్‌కు కూడా సరితూగదు. పైగా 10 అడుగులు, 12 అడుగుల గది మీద అది సుమారు రెండు టన్నుల బరువు. పాత ఇంటి స్లాబు మీద అంత బరువు పెట్టేముందు ఇంజనీరును అడగాల్సిందే.

అదే గదికి ఇంకో లెక్క చూడండి. స్లాబు పైన 60 డిగ్రీలు, గదిలో 30 డిగ్రీలు అనుకుందాం. స్లాబు పూర్తిగా కాగాక దాదాపు 1300 వాట్ల వేడి గదిలోకి దిగుతూ ఉంటుంది. ఒక టన్ను ఏసీ తీసేయగల వేడి 3500 వాట్లు. అంటే ఏసీ శక్తిలో మూడో వంతుకు పైగా కప్పు ఒక్కటే తినేస్తుంది. స్లాబు మీద అంగుళం థర్మాకోల్ వేస్తే ఆ 1300 సుమారు 350కి పడిపోతుంది. థర్మాకోల్ ఏమీ లేకుండా స్లాబు పైభాగాన్ని తెల్లగా చేసి 60ని 42కి దించగలిగితే, దిగే వేడి 500 దగ్గర ఆగుతుంది. కాగితం మీది ఈ లెక్కలో చిన్న చిన్న తేడాలు వదిలేశాను. అయినా ఒక్క సంగతి స్పష్టం: సున్నం డబ్బా చేసే పని అంగుళం థర్మాకోల్ చేసే పనికి చాలా దగ్గరగా వస్తుంది.

అందుకే ఎవరు అడిగినా మొదట సున్నమో, ఎండను వెనక్కి కొట్టే తెల్ల కూల్ పెయింటో చెబుతాను. మధ్యాహ్నం రెండింటికి చెప్పులు విప్పి చూస్తే దీని బలం తెలుస్తుంది. అమ్మ వాళ్ళ డాబా మీద ముందు సగానికే సున్నం వేయించాం. తెల్లగా ఉన్నవైపు నిలబడి మాట్లాడగలిగాను. గీత దాటి సిమెంటు వైపు పాదం పెట్టగానే ఎగిరి వెనక్కి వచ్చేశాను. రెండూ ఒకే స్లాబు, ఒకే ఎండ.

సున్నం రాలిపోకుండా ఫెవికాల్ వంటి జిగురు కలిపి రెండు కోట్లు వేస్తారు. వేసేముందు డాబాను బాగా కడిగి ఆరనివ్వాలి. పండక్కి గోడలకు సున్నాలు వేసే అలవాటు మనకు ఉన్నదే, ఉగాది ముందు అదే రోజు మేడ మీద కూడా వేసేస్తే సరిపోతుంది. ఎంత ఖరీదైన కూల్ పెయింటు అయినా దుమ్ము పట్టి, వానాకాలం పాచి కట్టాక తెలుపు తగ్గుతుంది. తెలుపు తగ్గినంత మేరా పనితనమూ తగ్గుతుంది. వేసవి మొదట్లో ఒకసారి కడగడం తప్పనిసరి. పెయింటు కంపెనీల ప్రకటనల్లో "15 డిగ్రీలు తగ్గుతుంది" అని చూస్తే, అది స్లాబు పైభాగం మాట అని గుర్తుంచుకోండి. గదిలో తగ్గేది మామూలుగా రెండు నుంచి ఐదు డిగ్రీలు. నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ ఆ తేడా చాలు.

సున్నానికి తోడుగా కావలసింది నీడ. మిద్దె తోట పెంచేవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. బీర, సొర పందిరి వేస్తే ఎండ ఆకుల దగ్గరే ఆగిపోతుంది, ఆకులు నీటిని ఆవిరి చేస్తూ తామూ చల్లగా ఉంటాయి, పందిరి కింద గాలి ఆడుతుంది. సోలార్ పలకలు కూడా స్లాబుకు ఎడంగా బిగిస్తే గొడుగులా పనిచేస్తాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. కరెంటు కోసం పెట్టుకునేవాళ్ళకు ఈ నీడ ఉచితంగా దక్కుతుంది.

సున్నమూ నీడా సరిపోని ఇళ్ళుంటాయి. ముఖ్యంగా పగలంతా ఏసీ నడిచే ఇళ్ళు. అక్కడ స్లాబు పైన ఇన్సులేషన్ పొర, అంటే థర్మాకోల్‌లా వేడిని ఆపే పొర, వేయడం మంచిది. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత (ఇళ్ళలో కరెంటు ఆదా కోసం రాసిన నిర్మాణ నియమాలు) ఇళ్ళ కప్పుకు ఒక హద్దు పెట్టింది. యూ విలువ 1.2 దాటకూడదు. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు గుండా ఎన్ని వాట్లు దిగుతాయో చెప్పేదే యూ విలువ, తక్కువ ఉంటే మంచిది. ఉత్త స్లాబుకు అది మూడుకు పైనే. అంగుళం థర్మాకోల్‌తోనే 1.2 కిందికి వచ్చేయవచ్చు. అమెరికాలో అటకల మీద ఫైబర్‌గ్లాస్ పరుపులు పరిచే మనవాళ్ళు ఆర్ విలువ అంటుంటారు. అది దీనికి తలకిందులు, ఎక్కువుంటే మంచిది. అక్కడి కొలమానం వేరు కాబట్టి వాళ్ళ ఆర్ అంకెను 5.7తో భాగిస్తేనే మన లెక్కలోకి వస్తుంది.

ఏ పదార్థం ఎంచుకోవాలి? మామూలు థర్మాకోల్ చవక, కానీ కాలక్రమంలో నీళ్ళు పీలుస్తుంది. తడిసిన ఇన్సులేషన్‌లో గాలి స్థానంలోకి నీరు వస్తుంది, నీరు వేడిని గాలికన్నా ఇరవై రెట్లకు పైగా మోస్తుంది. అప్పుడు పెట్టిన డబ్బు నీళ్ళపాలే. డాబా పైన వేయాలంటే ఎక్స్‌పీఎస్ అనే గట్టి ఫోమ్ పలకలు మేలు. వాటిలోని గాలి గదులన్నీ మూసుకుపోయి ఉంటాయి, నీరు దాదాపుగా దూరదు, మనిషి నడిచినా అణగవు. ముందు స్లాబుకు వాటర్‌ప్రూఫింగ్ చేయాలి, దానిమీద పలకలు సందు లేకుండా పరవాలి, ఆపైన చికెన్ మెష్ (సన్నటి ఇనప వల) పెట్టి వాలుగా సిమెంటు పొర, చివర తెల్ల టైల్సు. ఈ వరసలో వాటర్‌ప్రూఫింగ్ పొర ఎండకు ఎండక, వానకు చీలక ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇక్కడ తొందర పనికిరాదు. పలకలు వేయకముందే డాబా మీద నీళ్ళు కట్టి రెండు రోజులు ఉంచి, కింద చెమ్మ రాలేదని చూసుకోవాలి. తర్వాత లీకు బయటపడితే అది ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టడం చాలా కష్టం.

ఇక మా ఫాల్స్ సీలింగు ఎందుకు ఓడిపోయింది? స్లాబుకూ జిప్సం బోర్డుకూ మధ్య గాలి ఉన్నమాట నిజమే. కానీ వేడి స్లాబు అడుగు నుంచి కిరణాల రూపంలో ఆ ఖాళీని దాటి బోర్డును వేడెక్కిస్తుంది. కిరణాలను గాలి ఆపలేదు. అల్యూమినియం రేకు కాగితాన్ని ఆ ఖాళీ వైపుకు ఉండేలా పెట్టి ఉంటే బాగుండేది. మెరిసే అల్యూమినియం తన మీద పడ్డ వేడి కిరణాల్లో 90 శాతానికి పైగా వెనక్కి పంపుతుంది. కాకపోతే రేకు ముందు గాలి ఖాళీ ఉండాలి. రెండు బోర్డుల మధ్య నొక్కి అతికించిన రేకు ఎందుకూ పనికిరాదు, ఎందుకంటే అల్యూమినియం తాకిన వేడిని చకచకా మోసేస్తుంది. అపార్టుమెంటు పై అంతస్తులో ఉండి, డాబా మీద హక్కు లేనివాళ్ళకు స్లాబు కింద వేసే ఈ పద్ధతే దారి. వాళ్ళు రాతిని కరిగించి దూదిలా తీసిన రాక్‌వూల్ ఎంచుకుంటే నిప్పు భయం ఉండదు. ఫోమ్ స్ప్రే చేయించుకుంటే దాన్ని తప్పకుండా జిప్సం బోర్డుతో కప్పించాలి. నిప్పంటుకుంటే దాని పొగ ప్రాణాంతకం.

ఇన్సులేషన్‌కు ఇంకో ముఖం కూడా ఉంది. అది రాత్రి స్లాబు చల్లబడకుండా కూడా అడ్డుపడుతుంది. ఏసీ లేని ఇంట్లో కిటికీలు తెరిచి రాత్రి గాలి ఆడనివ్వకపోతే, పగలు లోపల చేరిన వేడి అక్కడే ఉండిపోతుంది. హైదరాబాదులో పొడి రాత్రుల్లో ఉత్త స్లాబు ఆకాశంలోకి వేడిని బాగానే వదిలేస్తుంది. ఉక్కపోసే విజయవాడలో, కాకినాడలో గాలిలోని తేమ దానికి అడ్డు. ఏసీ లేని ఇంటికి తెలుపూ నీడా మొదటి మందు అనడానికి ఇది ఇంకో కారణం. వాటితో పగటి వేడి తగ్గుతుంది, రాత్రి చల్లదనానికి అడ్డు ఉండదు.

మన పెద్దలకు ఈ లెక్కలు తెలియకపోయినా పని తెలుసు. పెంకుటింట్లో చెక్క అటక ఉత్త సామాన్ల గది కాదు. కాగిన పెంకుకూ పడుకునే మనిషికీ మధ్య అదొక తెర. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుండేది, అటక అడ్డుపడి కిరణాలను కిందికి రానిచ్చేది కాదు. రాయలసీమ చవుడు మిద్దెల మందమైన మట్టి పగటి వేడిని మెల్లగా లోపలికి పంపేది. డాబా ఇళ్ళు వచ్చాక సాయంత్రం బకెట్లతో నీళ్ళు చల్లి, నవారు మంచాలు వేసుకునేవాళ్ళం. పదిహేను లీటర్ల బకెట్టు నీళ్ళు పూర్తిగా ఆవిరి కావడానికి సుమారు 10 యూనిట్ల వేడి కావాలి. అందులో సగం స్లాబు నుంచి తీసుకున్నా తక్కువేమీ కాదు.

అన్నిటికన్నా గట్టిగా పట్టించుకోవలసింది రేకుల ఇళ్ళను. రేకుకు వేడిని దాచుకునేంత మందం లేదు, ఎండ తగిలిన నిమిషాల్లో కింద మనిషి మీద పడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఐదేళ్ళలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలన్నది లక్ష్యం. అందులో ఇళ్ళకు తప్పనిసరి చేసింది 600 గజాలు, ఆపైన స్థలాలకే. చిన్న ఇళ్ళకు ఇష్టమైతేనే. ఎండకు ఎక్కువ అల్లాడేది మాత్రం ఆ చిన్న ఇళ్ళలోనివాళ్ళే, ముందుగా సాయం అందవలసింది వాళ్ళకే అని నా గట్టి నమ్మకం. సిమెంటు రేకు మీద సున్నం పనిచేస్తుంది, ఇనప రేకుకైతే తెల్ల పెయింటే వాడాలి, సున్నం దాని జింకు పూతను తినేస్తుంది. పాత సిమెంటు రేకును పొడిగా గీకకూడదు, ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్ళతో తడిపి మెల్లగా కడగాలి. రేకు మీద నేరుగా అడుగు పెట్టకుండా, కింద దూలాల మీద బరువు పడేలా అడ్డంగా నిచ్చెన పరిచి, దానిమీద కూర్చుని పూయాలి. రెండు గదుల ఇంటికి అది ఒక పూట పని. వేసవి ముదరకముందు, పొద్దున్నే మొదలుపెట్టాలి.