పొటాష్ బస్తాకు డాలరు సాకు

యాసంగి వరికి పొటాష్ కొనబోయిన రైతు ధర చూసి ఆగిపోతే, వరంగల్ ఎరువుల దుకాణాల్లో మళ్లీ అదే జవాబు: "కంపెనీ పెంచిందండీ, డాలరు 90 దాటింది కదా." రామగుండంలో కర్మాగారం ఉన్నా అందులో తయారయ్యేది యూరియా. పొటాష్ మొత్తం ఓడల్లో రావలసిందే.

1991లో రూపాయి విలువ తగ్గింపు, మరుసటి ఏడాది పొటాష్ ధరల అదుపు ఎత్తివేత అందరికీ తెలిసినవే. అసలు మలుపు 2010 ఏప్రిల్ 1. పోషకం కిలోకు ఇంత అని కేంద్రం రాయితీని రూపాయల్లో ముందే ఖాయం చేసి, అమ్మకం ధరను కంపెనీలకు వదిలేసింది. యూరియా జోలికి మాత్రం పోలేదు. అంతవరకు డాలరు ఎగిరితే ఆ బరువు ఖజానాది, ఆ తరువాత రైతుది. అప్పటికి 223 రూపాయలైనా లేని 50 కిలోల బస్తా మూడేళ్లు తిరగకుండా 800 దాటింది.

విదేశీ సంస్థలు డాలర్లలోనే అమ్ముతాయి, మేమేం చేయగలమని దిగుమతి కంపెనీలంటాయి. రాయితీనీ కోశారంటాయి. అదీ నిజమే: 2012-13లో పొటాష్ పోషకం కిలోకు 24 రూపాయలున్నది 2014-15కు 15.50కి దిగింది.

కానీ 2013ను చూడండి. జూలై 30న రష్యా సంస్థ ఉరల్‌కాలి, బెలారస్‌తో కలిసి నడిపిన అమ్మకాల కూటమి నుంచి బయటికొచ్చింది. నెల తిరగకుండానే డాలరు 68 దాటింది. ధర నిజంగా రూపాయిని బట్టే నడిస్తే పొటాష్ మండిపోవాలి. జరిగింది వేరు. ఆ ఏడాది మొదట్లో టన్ను 427 డాలర్లకు కుదిరిన మన దిగుమతి ఒప్పందం మరుసటి ఏడాది 322కు దిగింది. అప్పటి మారకం రేటుతో లెక్క కడితే సుమారు 23,000 రూపాయల నుంచి 19,300కు. డాలరు చేయలేని పని అమ్మేవాళ్ల తగవు చేసింది! అయినా దుకాణంలో బస్తాకు 250 రూపాయలు తగ్గింది 2016 జూలైలోనే, అదీ కేంద్రం ప్రకటించాక.

2022లో ఒప్పందం 590 డాలర్లు, 2025లో 349. డాలరుకు 90 చొప్పున కట్టినా టన్ను 31,400 రూపాయలే; 2022లో డాలరు 76 దగ్గరున్నప్పుడు అది 44,800. బస్తా మీద ధరా, రాయితీ అచ్చువేస్తారు. ఆ సరుకు ఎన్ని డాలర్లకు ఓడ ఎక్కిందో మాత్రం వేయరు.