టర్బో కారుకి సైలెన్సర్ మారిస్తే పికప్ పెరుగుతుందా?

కారుకి సైలెన్సర్ మార్పించిన మర్నాడు ఎవరిని అడిగినా ఒకటే మాట, పికప్ పెరిగిందని. నా మిత్రుడొకడు కూడా అదే అన్నాడు. వాడు మార్పించింది బండి వెనకాల చిట్టచివర ఉండే మఫ్లర్ డబ్బా ఒక్కటే. పక్క సీట్లో కూర్చుని స్టాప్‌వాచ్ పట్టుకుని చూస్తే, ముందు తీసిన టైముకీ ఇప్పటి టైముకీ మధ్య తేడా నా బొటనవేలు తడబడినంత కూడా లేదు. మోత మాత్రం బాగా పెరిగింది. చెవి చెప్పింది, ఒళ్లు నమ్మేసింది, అంతే.

అలాగని ఎగ్జాస్ట్ (ఇంజిన్ పొగ బయటికి పోయే గొట్టాల వరుస) మార్చడం శుద్ధ దండగ అనను. టర్బో ఉన్న ఇంజిన్‌లో అది నిజంగానే పనిచేస్తుంది, టర్బో లేని ఇంజిన్‌లో కన్నా ఎక్కువే పనిచేస్తుంది. కాకపోతే ఆ పని జరిగేది బంపర్ కింద కాదు, టర్బో దాటిన మొదటి అర మీటరులో.

ఇంధనంలో ఉన్న శక్తిలో దాదాపు మూడో వంతు వేడిగా పొగతో పాటే బయటికి పోతుంది. ఊరికే పోయే దాంతో పని చేయించుకోవచ్చు కదా అని స్విస్ ఇంజినీర్ ఆల్ఫ్రెడ్ బుచి 1905లో పేటెంట్ తీసుకున్నాడు, టర్బో కథ అక్కడ మొదలైంది. పొగ వెళ్లే దారిలో ఒక చిన్న చక్రం, అదే టర్బైన్. అదే ఇరుసుకి రెండో కొసన ఇంకో చక్రం, అది గాలిని కుదించి ఇంజిన్‌లోకి తోస్తుంది. పెట్రోల్ ఇంజిన్ గట్టిగా పనిచేస్తున్నప్పుడు ఈ టర్బైన్ 900 డిగ్రీల పైచిలుకు వేడిలో, చిన్న కార్లలో అయితే నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది.

టర్బైన్‌ని తిప్పేది దాని ముందున్న పీడనం ఒక్కటే కాదు, అది వెనకున్న పీడనానికి ఎన్ని రెట్లు ఉందన్నది. నీటి చక్రాన్ని తలుచుకోండి. పైనుంచి నీళ్లు ఎంత జోరుగా పడినా, కింద నీళ్లు పోయే దారి లేక చక్రం సగం మునిగితే ఈడ్చుకుంటూ తిరుగుతుంది. మనం ఎగ్జాస్ట్ మార్చేది ఆ కింది నీళ్లు త్వరగా పోవడానికే.

ఉదాహరణకి టర్బైన్ ముందు 2.4 బార్, వెనక 1.4 బార్ ఉందనుకుందాం (బయటి గాలి ఒత్తిడి సుమారు 1 బార్). నిష్పత్తి 1.7 చిల్లర. ఇప్పుడు వెనక పైపు వెడల్పు చేసి అక్కడి ఒత్తిడిని 1.2కి దించారు. టర్బైన్‌కి కావాల్సింది అదే నిష్పత్తి కాబట్టి, ముందు ఇక 2.05 సరిపోతుంది. వెనక తగ్గించింది 0.2, ముందు తగ్గింది 0.35! అంటే పిస్టన్ పొగని బయటికి నెట్టడానికి పడే కష్టం అంత తగ్గింది, సిలిండర్లో మిగిలిపోయే పాత పొగ కూడా తగ్గుతుంది. టర్బో లేని ఇంజిన్‌లో ఈ లాభం ఇలా పెరిగి రాదు.

మరి ఇంజిన్‌కి కాస్త బ్యాక్ ప్రెషర్ (పొగ పోయే దారిలో ఎదురొత్తిడి) ఉండాలంటారే? టర్బో లేని ఇంజిన్ల దగ్గర పుట్టిన మాట అది, అక్కడ కూడా సగమే నిజం. వాటిలో పైపు మరీ వెడల్పయితే పొగ వేగం పడిపోయి, ఒక సిలిండర్ పొగ వెనకే ఇంకోదాని పొగని లాగే గుణం దెబ్బతింటుంది. కావాల్సింది వేగం, ఒత్తిడి కాదు. టర్బో బండిలో ఆ లాగుడు లెక్కంతా టర్బైన్‌కి ముందే అయిపోతుంది, అది దాటాక పొగకి అడ్డు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

పైపులో ఒత్తిడి నష్టం వ్యాసం ఐదో ఘాతానికి విలోమంగా మారుతుంది. రెండున్నర అంగుళాల పైపుని మూడు అంగుళాలు చేస్తే నష్టం సుమారు 40 శాతానికి దిగిపోతుంది. తర్వాత మూడు నుంచి నాలుగుకి వెళ్తే మిగిలే లాభం కొంచెమే, బరువూ మోతా మాత్రం బోలెడు. టర్బోకి అంటుకుని కిందికి దిగే డౌన్‌పైప్‌ దగ్గరే పొగ అన్నిటికన్నా వేడిగా, వేగంగా ఉంటుంది, పైగా చాలా కార్లలో పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్) కూడా అక్కడే కూర్చుంటుంది. అసలు ఇరుకు అదే.

ఇక్కడే చాలామంది క్యాట్‌ని పీకి పారేస్తారు. నేనైతే చేయను. చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం, కారు వెనక నిలబడితే కళ్లు మండుతాయి, రెండో ఆక్సిజన్ సెన్సర్ కనిపెట్టి పీ0420 కోడ్‌తో చెక్ ఇంజిన్ లైట్ వెలిగిస్తుంది. చదరపు అంగుళానికి 400 నుంచి 600 గదులుండే క్యాట్ బదులు 200 గదులున్నది వేస్తే దారి చాలావరకు ఖాళీ అవుతుంది, అయితే దానికీ అనుమతి ఉందో లేదో ముందే చూసుకోవాలి.

సరే, డౌన్‌పైప్ మారింది. పవర్ వచ్చేసినట్టేనా? ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, ఒప్పుకోవాలి. దానికి బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) ఇంత చాలని ముందే రాసిపెట్టారు, పొగ తేలిగ్గా పోతుంటే అది వేస్ట్‌గేట్‌ని, అంటే పొగని టర్బైన్ పక్కనుంచి దాటించే తలుపుని, ఇంకాస్త తెరిచి కూర్చుంటుంది. బూస్ట్ కాస్త ముందుగా అందుతుంది, ల్యాగ్ (తొక్కాక బూస్ట్ అందేదాకా జాప్యం) తగ్గుతుంది, గరిష్ఠ పవర్ అంకెలు మాత్రం ఈసీయూకి ట్యూనింగ్ చేయించేదాకా పెద్దగా కదలవు. అసలు టెన్షన్ వేస్ట్‌గేట్ చిన్నదైతే. పూర్తిగా తెరుచుకున్నా పొగ టర్బైన్ మీదికే ఎగబడి, అడిగిన దానికన్నా బూస్ట్ పాకుతూ పైకి పోతుంది. ఇంజిన్లు పగిలేది ఇలాంటప్పుడే. కొత్త డౌన్‌పైప్ వేసిన వారం బూస్ట్ గేజ్ మీద ఓ కన్నేసి ఉంచాలి.

ఇక మోత. పొగ దెబ్బల్ని టర్బైనే చాలావరకు మింగేస్తుంది. 2014లో ఫార్ములా 1 వాళ్లు 2.4 లీటర్ల వీ8 వదిలి 1.6 లీటర్ల టర్బో వీ6కి మారగానే సౌండ్ ఏదని అభిమానులు గోల పెట్టారు. ఆ ఏడాదే మెర్సిడెస్ బాకా ఆకారంలో ఒక గొట్టం బిగించి చూసింది, మోత పెద్దగా పెరగలేదు. చివరికి 2016 నుంచి వేస్ట్‌గేట్ పొగకి విడిగా గొట్టాలు పెట్టాలని రూల్ తెచ్చారు, అది టర్బైన్‌ని తప్పించుకొచ్చే పొగ మరి.

నా మిత్రుడికి వచ్చిన తంటా మోత కాదు, హోరు. హైవే మీద 2400 ఆర్‌పీఎం దగ్గర వాడి నాలుగు సిలిండర్ల ఇంజిన్ సెకనుకి 80 సార్లు పేలుతుంది, ఆ 80 హెర్ట్జ్‌కి కారు లోపలంతా డోలులా మోగేది. గంటకే తలనొప్పి. దీనికి మందు ఉంది: పైపు పక్కన ఒక కొస మూసిన గొట్టాన్ని అతికిస్తే, దాని చివరిదాకా వెళ్లి తిరిగొచ్చిన అల అసలు అలకి ఎదురెక్కి దాన్ని చంపేస్తుంది. గొట్టం పొడవు శబ్దం అలలో నాలుగో వంతు ఉండాలి. వేడి పొగలో శబ్దం సెకనుకి 500 మీటర్ల దరిదాపుల్లో పోతుంది కాబట్టి, 80 హెర్ట్జ్‌కి ఒకటిన్నర మీటరు. అంత గొట్టాన్ని వంచి వంచి కారు అడుగున ఇరికించి వెల్డింగ్ చేయించాడు. హోరు పోయింది. ఇప్పుడేమో పికప్ తగ్గినట్టుందిరా అంటున్నాడు.