షుగరూ, ఆడవాళ్ళూ, చెమర్చని కుండ

కర్నూలు నుంచి ఒకామె అడిగింది. "అక్కా, నాకు నలభై ఆరేళ్ళు, షుగర్ వచ్చి ఆరేళ్ళయింది. ఈ మధ్య ఆయన దగ్గరికొస్తే లోపలంతా ఎండిపోయినట్టు ఉంటాది, మంట, నొప్పికి పళ్ళు బిగబట్టుకుంటాన్నా. ఆయనేమో నీకు నా మీద మనసు పోయింది అంటాడు. మా వదినకి చెప్తే వేడి చేసిందిలే, సబ్జా నానబెట్టుకుని తాగు అనింది. ఇది షుగర్ వల్లనా, వయసు వల్లనా?"

షుగర్ వల్ల కళ్ళు పోతాయి, కిడ్నీలు పోతాయి, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి అని ఇప్పుడు బస్టాండులో ఎవర్నడిగినా చెప్తారు కాబట్టి అవి వదిలేస్తాన్నా. ఈమె అడిగిన దాని గురించే ఎవరూ మాట్లాడరు. మగాయన షుగర్‌కి చూపించుకోవడానికి పోతే కనీసం కొంతమంది డాక్టర్లయినా "సంసారం ఎట్లుంది" అని అడుగుతారు, ఆడామెని అడిగే వాళ్ళు ఎంతమంది? నాకు దీని మీద నిజంగా కోపం, ఎందుకంటే లోపల జరిగేది దాదాపు ఒకటే.

ముందు ఒక విషయం చూడండి, నాకు ఇది చదివినప్పటి నుంచి భలే ఇష్టం. నోట్లో లాలాజలానికి గ్రంథులున్నాయి, కంట్లో నీళ్ళకి గ్రంథులున్నాయి, యోని గోడలో మాత్రం గ్రంథులే లేవు! మరి ఆ తడి ఎక్కడిది? చాలాకాలం గర్భాశయ ముఖద్వారం నుంచో, బయటి గ్రంథుల నుంచో వస్తుంది అనుకునేవాళ్ళు. 1966లో విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ అనే అమెరికా పరిశోధకులు ప్రయోగశాలలో గమనించి చెప్పిందేమంటే, కోరిక మొదలైన 10 నుంచి 30 సెకన్ల లోపలే గోడ మీద చెమట పట్టినట్టు చిన్న చిన్న బొట్లు వస్తాయి, అవి కలిసిపోయి పొర అవుతాయి. అంటే గోడ వెనక ఉన్న రక్తంలోంచి నీళ్ళలాంటి భాగం, ప్లాస్మా, కణాల సందుల్లోంచి వడగట్టుకుని ఇవతలికి ఊరుతుంది.

అనంతపురం ఎండల్లో మట్టికుండ చూసినోళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కుండకి బయట చెమర్చడానికి మూడు కావాలి, లోపల నిండా నీళ్ళుండాలి, గోడలో సందులు తెరిచి ఉండాలి, టయానికి నీళ్ళు నింపే మనిషుండాలి. సగమే నింపితే పైసగం పొడిగానే ఉంటుంది. మా వైపు బోరు నీళ్ళల్లో ఉప్పు జాస్తి, ఒకటి రెండు ఎండాకాలాలు వాడేసరికి కుండ బయట తెల్లగా పొక్కు కట్టి సందులు మూసుకుపోతాయి, ఆ తర్వాత ఎంత నింపినా చెమర్చదు, చల్లబడదు. షుగర్ ఈ మూడింటినీ పాడు చేస్తుంది.

నింపే మనిషి అంటే నరం. వెన్నుపూస అడుగు భాగం నుంచి వచ్చే నరాల కొసల్లో వీఐపీ అనే చిన్న ప్రోటీనూ నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువూ విడుదలైతే రక్తనాళం చుట్టూ ఉన్న కండరం వదులై నాళం వెడల్పవుతుంది, రక్తం నిండుతుంది. ఈ నైట్రిక్ ఆక్సైడ్ కొన్ని సెకన్లే బతుకుతుంది, గుండెలో రక్తనాళాల్లో దీని పని కనిపెట్టినందుకే 1998లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. ఇప్పుడు కొంచెం ఓపిక పట్టండి. దీన్ని తయారు చేసే ఎంజైముకి ఎన్‌ఏడీపీహెచ్ అనే పదార్థం కావాలి. రక్తంలో గ్లూకోజు మరీ ఎక్కువైతే, మిగిలిపోయిన దాన్ని సార్బిటాల్ కింద మార్చే ఇంకో ఎంజైము లేస్తుంది, దానికీ అదే ఎన్‌ఏడీపీహెచ్ కావాలి. ఉన్న సరుకు ఇద్దరు పంచుకోవాలి, పైగా షుగర్ ఎక్కువున్నప్పుడు పుట్టే సూపర్ ఆక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపం ఆ మిగిలిన కొంచెం నైట్రిక్ ఆక్సైడ్‌ని కూడా పట్టుకుని పాడు చేస్తుంది. కుండ నిండదు. ఇక సందుల సంగతి, ఏళ్ళ తరబడి చక్కెర ప్రోటీన్లకి అతుక్కుని సన్న రక్తనాళాల చుట్టూ ఉండే పొర దళసరెక్కుతుంది, అదే బోరు ఉప్పు. అరికాళ్ళు మండే నరాల జబ్బు ఈ నరాలకీ పట్టొచ్చు, అప్పుడు స్పర్శ కూడా మొద్దుబారుతుంది.

వయసు సంగతి కూడా ఉంది, నలభై ఆరంటే నెలసరి ఆగే దగ్గర. ఈస్ట్రోజన్ అనే ఆడవాళ్ళ హార్మోన్ తగ్గితే గోడ పలుచనవుతుంది, రక్తం కూడా తగ్గుతుంది (కుండ పలుచనైతే ఇంకా బాగా చెమర్చాలి కదా అంటారేమో, ఇక్కడ ఆ పోలిక పని చెయ్యదు). కాబట్టి అమ్మా, నీ ప్రశ్నకి జవాబు, రెండూ కావొచ్చు. మనసు పోవడం మాత్రం కాదు. ఒకసారి నొప్పి పుడితే రెండోసారి భయానికే కండరాలు బిగుసుకుంటాయి, నొప్పి పెరుగుతుంది, అది చూసి ఆయన ఇంకోటి అనుకుంటాడు.

మంట, దురద, తెల్లగా గడ్డలు గడ్డలుగా తెల్లబట్ట కూడా ఉంటే అది ఇంకో కథ, క్యాండిడా అనే ఫంగస్. చక్కెర దానికి తిండి. రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే మూత్రంలోకి దిగుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలైతే కావాలనే చక్కెరని మూత్రంలోకి తోస్తాయి, గుండెకీ కిడ్నీకీ చాలా మంచివి, కాకపోతే ఆడవాళ్ళకి ఈ ఫంగస్ ఎక్కువ చేస్తాయి. చీటీ రాసేటప్పుడు ఈ ఒక్క ముక్క చెప్తే ఎంత బాగుండు! మీకు మీరుగా ఆపెయ్యొద్దు, డాక్టర్‌కి చెప్పండి.

తెల్లబట్ట అయితే ఎముకలు కరిగిపోతున్నాయి అని మా ఊళ్ళల్లో ఇప్పటికీ నమ్ముతారు, ఎముకలకీ దానికీ సంబంధం లేదు. డెటాల్‌తోనో వేపాకు నీళ్ళతోనో లోపల కడగొద్దు, అక్కడ లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా పుల్లటి ఆమ్లం చేసి పీహెచ్‌ని, అంటే పులుపు కొలతని, 3.8 నుంచి 4.5 మధ్య కాపాడుతుంటుంది, కడిగితే అదే పోతుంది. మెడికల్ షాపులో చెప్పి తెచ్చుకునే దురద క్రీముల్లో స్టెరాయిడ్ కలిసినవి ఉంటాయి, రెండ్రోజులు హాయిగా ఉంటుంది, ఆనక ఫంగస్ రెట్టింపు. పదో తరగతి జీవశాస్త్రంలో పునరుత్పత్తి పాఠం వస్తే "ఇది ఇంటికాడ చదువుకోండి" అని పేజీ తిప్పేసే టీచర్లని నేను చాలామందిని చూసినా, వాళ్ళ దగ్గర చదువుకున్న పిల్లలే ఇప్పుడు నలభై దాటి డెటాల్ వాడుతున్నారు.

మగాళ్ళకున్నట్టు మాత్ర లేదా అని కూడా అడిగింది. 1998లో మగాళ్ళకి వయాగ్రా వచ్చింది, ఆడవాళ్ళ మీద కూడా ఏళ్ళపాటు పరీక్షించి, గట్టి ఫలితం రాక 2004లో దాన్ని తయారు చేసే ఫైజర్ కంపెనీ ఆ ప్రయత్నం మానుకుంది. రక్తం నిండటం ఒక్కటే చాలదని అక్కడే తెలిసింది. టైప్-1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ తయారు కాని రకం) ఉన్న ఆడవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించిన అమెరికా పరిశోధనలో ఈ ఇబ్బందికి అన్నిటికన్నా గట్టిగా ముడిపడింది డిప్రెషన్. షుగర్ కంట్రోల్ నరాల్ని కాపాడుతుంది, ఆ టైప్-1 వాళ్ళ మీదే చేసి 1993లో వచ్చిన పెద్ద పరిశోధన కంట్రోల్ గట్టిగా ఉంటే నరాల జబ్బు 60 శాతం దాకా తగ్గుతుందని చూపించింది. కానీ దిగులుగా ఉంటే, నిద్ర లేకుంటే, దానికి కూడా వైద్యం అడగాల.

ఇప్పటికిప్పుడు చేసుకోగలిగింది, నీళ్ళతో చేసిన లూబ్రికెంట్ జెల్, మెడికల్ షాపులో దొరుకుతుంది. కొబ్బరినూనె కొందరికి పనికొస్తుంది గానీ కండోమ్ వాడేవాళ్ళు వద్దు, రబ్బరు పాడవుతుంది. నెలసరి ఆగినోళ్ళకి లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీము ఉంది, డాక్టర్ చూసే ఇయ్యాల. చెప్పడానికి నోరు రాకుంటే చీటీ మీద రాసుకుని పో, కలిసినప్పుడు నొప్పి, పొడిగా ఉంది, ఎన్నాళ్ళ నుంచి, దురద ఉందా లేదా, నెలసరి ఎట్లుంది, వాడే షుగర్ మాత్రల పేర్లు, చివరి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) ఎంత. లేడీ డాక్టర్ లేకుంటే నర్సమ్మ చేతికైనా ఆ చీటీ ఇయ్యి.