కవర్లో వెంట్రుకలు, రిపోర్టులో అంకెలు: ఒంట్లో లోహాలపై అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో మా ల్యాబుకు నెలకు ఒకరిద్దరైనా కవర్లో వెంట్రుకలు పట్టుకొస్తారు. "మేడం, ఈ ఎంటికలు చూసి ఒంట్ల ఏమేం లోహాలున్నయో చెప్పుండ్రి" అంటారు. కుదరదంటే మనసు చిన్నబుచ్చుకుంటారు. రక్తంలో, మూత్రంలో, కాలేయం ముక్కల్లో లోహాలు కొలవడమే నా పని. అందుకే ఈ నాలుగు మాటలు.

అపోహ: వెంట్రుకలు చూస్తే అన్ని లోహాలూ బయటపడతాయి.

వాస్తవం: చేపల ద్వారా ఒంట్లో చేరే మిథైల్ మెర్క్యురీకి వెంట్రుక మంచి సాక్షి. మిగతావాటిలో చాలావాటికి కాదు. దుమ్ము, బోరు నీళ్లు, జుట్టు రంగు అన్నీ దానికి అంటుకుంటాయి. చుండ్రు షాంపూలు కొన్నిటిలో మందే జింకు, లేదంటే సెలీనియం. బయట అంటిందేదో, లోపల నుంచి వచ్చిందేదో ఎంత కడిగినా సరిగ్గా విడదీయలేం.

అపోహ: కోట్ల ఖరీదు చేసే మిషన్ ఇచ్చిన అంకె తప్పు కాదు.

వాస్తవం: పదివేల లీటర్ల ట్యాంకర్లు వంద తెప్పించి, ఆ నీళ్లన్నిటిలో ఒక్క గ్రాము సీసం కలపండి. లోహాలు కొలిచే మా మిషన్, ఐసీపీ-ఎంఎస్, దాన్నీ పట్టుకుంటుంది. కానీ ఆ సీసం మనిషిదా, గాజు సీసాదా అన్నది దానికి తెలియదు. స్టీలు సూది నుంచి క్రోమియం, నికెల్, ట్యూబు రబ్బరు మూత నుంచి జింకు శాంపిల్‌లోకి దిగుతాయి. అందుకే ఈ పరీక్షలకు వేరే ట్యూబులుంటాయి.

నేను పనిలో చేరిన కొత్తలో, శాంపిలే లేని ఉత్త యాసిడ్‌లో కూడా జింకు కనిపించేది. నీళ్లు మార్చాం, యాసిడ్ మార్చాం, తగ్గలేదు. మూడు వారాలకు దొరికింది: మా చేతి గ్లౌజుల లోపలి పౌడర్. అప్పటిదాకా చేసిన జింకు రిపోర్టులన్నీ పక్కన పెట్టి, ఆ రోగుల దగ్గర మళ్లీ రక్తం తీసుకున్నాం. ఆ ఫోన్లు చేయడం నాకింకా గుర్తే.

మా రంగానికే ఇది పాత గాయం. అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్ సీసం కొలిచి భూమి వయసు లెక్కగట్టబోతే గాలిలోని సీసమే అడ్డొచ్చింది. అతి శుభ్రమైన ల్యాబు కట్టుకున్నాకే, 1956లో, 455 కోట్ల ఏళ్లని తేల్చాడు. రక్తంలో క్రోమియం ఇంత ఉంటుందని ఒకప్పుడు అచ్చయిన అంకెలు అసలుకంటే వందల రెట్లు ఎక్కువని తర్వాత తెలిసింది. అదంతా సూదులదీ, పాత్రలదీ.

అపోహ: రక్తంలో సీసం తగ్గింది, ఇక ఒంట్లో లేనట్టే.

వాస్తవం: రక్తంలోని సీసం దాదాపు నెలకోసారి సగమవుతుంది. పెద్దవాళ్ల ఒంట్లోని సీసంలో తొంభై శాతానికి పైగా ఉండేది ఎముకల్లో, అదీ ఏళ్ల తరబడి. పాత బ్యాటరీలు విప్పే పనిలో ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఆ పని చేసిన ఆడవాళ్లకు గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు ఎముకల్లోని సీసం తిరిగి రక్తంలోకి వస్తుంది. పిల్లల రక్తంలో సీసానికి అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో పెట్టిన గీత డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు. దాని కింద ఉంటే భయం లేదని కాదు. పిల్లలకు ఇంతవరకు ఫర్వాలేదనే మోతాదు సీసానికి లేనే లేదు.

అపోహ: సిల్వర్ గిన్నెలో వండితే మతిమరుపు జబ్బు వస్తుంది.

వాస్తవం: మనం సిల్వర్ అనేది అల్యూమినియమే. చింతపండు పులుసు దాన్ని కొంత కరిగిస్తుంది, కాబట్టి అందులో నిల్వ పెట్టొద్దు. కానీ అల్జీమర్స్‌కు అదే కారణమని రుజువు కాలేదు. ఒంట్లో చేరిన కొద్దిపాటి అల్యూమినియాన్ని మంచి కిడ్నీలు బయటికి పంపేస్తాయి. కిడ్నీలు పాడైనవాళ్లకు మాత్రం అది నిజమైన ప్రమాదం. 1970ల్లో డయాలిసిస్ నీళ్లలోని అల్యూమినియం వల్ల మెదడు దెబ్బతిన్నవాళ్లున్నారు.

ఇత్తడి సంగతి వేరు. పెంబర్తి పనితనం అంటే నాకు ప్రాణం, కానీ కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పసిపిల్లల పాలు కాచొద్దు. ఒకప్పుడు మన దేశంలో చిన్నపిల్లల ప్రాణాలు తీసిన ఒక కాలేయ జబ్బుకూ, అలా పాలలో కలిసిన రాగికీ సంబంధం ఉందని పరిశోధకులు చూపించారు. ఆ గిన్నెలు పోయాక జబ్బూ దాదాపు కనుమరుగైంది.

అపోహ: రక్తంలో రాగి తక్కువుంటే ఒంట్లో రాగి తక్కువే.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. పచ్చకామెర్లు తగ్గని పదకొండేళ్ల బాబు రిపోర్టులో రాగి తక్కువుందని చూసి, తండ్రి రోజూ రాగి చెంబులో నీళ్లు తాగించాడు. బాబుకున్నది విల్సన్ జబ్బు. ఇందులో కాలేయం రాగిని పైత్యరసంలోకి సరిగా వదలలేదు. రాగిని రక్తంలో మోసే సెరులోప్లాస్మిన్ తక్కువుంటుంది, అందుకే రక్తంలో మొత్తం రాగీ తక్కువ కనిపిస్తుంది. కాలేయంలో మాత్రం పేరుకుపోతుంది. ఎండబెట్టిన ముక్క గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉండాల్సింది, ఈ జబ్బులో సాధారణంగా 250 దాటుతుంది. పీచంత ముక్క అది. ఆరబెట్టి, తూచి, నైట్రిక్ యాసిడ్‌లో కరిగిస్తాం. పారేస్తే మళ్లీ అడగలేం.

తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే ఈ జబ్బు వస్తుంది. మేనరికం ఇళ్లలో ఆ అవకాశం ఎక్కువ. తోడబుట్టిన ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు ముప్పుంటుంది. పెన్సిలమిన్, జింకు లాంటి మందులు తొందరగా మొదలుపెడితే కాలేయాన్ని కాపాడుకోవచ్చు. ఆ తండ్రికి చెంబు పక్కన పెట్టమని చెప్పాం, బాబు చెల్లెల్ని వెంటనే తీసుకురమ్మన్నాం. "అది మంచిగనే ఉన్నది గద మేడం" అన్నాడు. మంచిగున్నప్పుడే తేవాలని చెప్పాను. సోమవారం తెచ్చాడు.