గంప కింద కోడి

ఒరేయ్ చిన్నా, అమ్మడూ,

మొన్న ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను, పక్కన మీ నానమ్మ టీవీ మోగుతోంది. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (కొన్ని నమూనాలు చూసి అసలు సగటు ఏ రెండు అంకెల మధ్య ఉండొచ్చో కట్టే అంచనా) లెక్క వస్తోంది గానీ అర్థమే బుర్రకెక్కట్లేదన్నారు కదా.

ముందు లెక్క. ఊళ్లో వరి ఎంత పండిందో తేల్చాలంటే పొలాలన్నీ కోసి తూచలేం, అందుకే పంటకోత ప్రయోగం చేస్తారు. లాటరీలో తగిలిన పొలానికెళ్లి, నైరుతి మూల నుంచి రాండమ్ నంబర్ చెప్పినన్ని అడుగులు లోపలికి వేసి, అక్కడ 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పున తాడు కట్టి, అందులో ఉన్న పైరే కోసి, నూర్చి తూస్తారు. గట్టు మీద నిలబడి ఏపుగా ఉన్న చోటు చూసుకుని కోస్తే మాత్రం తర్వాత ఎన్ని సూత్రాలు వేసినా దండగే.

అలా 16 చోట్ల కోస్తే సగటు 14.2 కిలోలు, ప్రామాణిక విచలనం (ఒక్కో చోటి తూకం సగటుకి ఎంత అటూఇటూ అయిందో చెప్పే అంకె) 2.4 వచ్చిందనుకోండి. 2.4ను 16 వర్గమూలమైన 4తో భాగిస్తే 0.6, అంటే సగటు ఏ మాత్రం ఊగుతుందో అది. టీ-టేబుల్లో (చిన్న నమూనాలకి వాడే పట్టిక) 15 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (మన 16లో ఒకటి తక్కువ) దగ్గర 95 శాతానికి 2.131 ఉంటుంది, గుణిస్తే సుమారు 1.3. 14.2లోంచి అంత తీసేసి, మళ్లీ అంత కలిపితే 12.9 నుంచి 15.5, ఇదే మన ఇంటర్వెల్. (ఈ టీ సంగతి 1908లో తేల్చింది గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి గోసెట్, అదీ 'స్టూడెంట్' అనే మారుపేరుతో!)

ఇప్పుడు అసలు చిక్కు. 'ఊరి సగటు ఈ రెంటి మధ్య ఉండే అవకాశం 95 శాతం' అని రాశావు చిన్నా. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. కళ్లకు గంతలు కట్టుకుని కోడి మీద గంప వేస్తున్నామనుకో. కోడి కదలదు, అదే ఊరి అసలు సగటు. గంపే ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది, ఎందుకంటే వేరే 16 పొలాలు తగిలితే వేరే ఇంటర్వెల్ వస్తుంది. ఇలా వందసార్లు వేస్తే దాదాపు 95 సార్లు కోడి దొరుకుతుంది. 1937లో నెయ్‌మన్ అనే గణాంక శాస్త్రవేత్త చెప్పింది ఇదే: ఆ 95 మనం గంప వేసే పద్ధతిది, పడిన ఒక్క గంపది కాదు. పడ్డాక కోడి లోపలైనా ఉంటుంది, బయటైనా ఉంటుంది, మనకి కనబడదు అంతే.

99 శాతం కావాలంటే గంప పెద్దదవుతుంది, 12.4 నుంచి 16 దాకా. ఇంటంత గంపతో కోడిని పట్టడం గొప్పేం కాదుగా! గంప సగానికి తగ్గాలంటే మాత్రం 16 కాదు, ఇంచుమించు 64 చోట్ల కోయాలి, కూలి ఖర్చు చూసుకోండి మరి.

నమ్మకం కుదరకపోతే వైకుంఠపాళీ డైస్ తీయండి. దాని అసలు సగటు 3.5 అని మనకి ముందే తెలుసు. 16 సార్లు వేసి ఇంటర్వెల్ కట్టండి, మళ్లీ 16, అలా 20 గంపలు. అమ్మడూ, నువ్వు వెయ్యి, వాడు లెక్క కడతాడు. ఎన్ని గంపలు 3.5ని వదిలేశాయో ఆదివారం ఫోన్‌లో చెప్పండి.

మీ తాతయ్య