విజయవాడ సెంటర్లో అద్దె ఇల్లు: అపోహలు - వాస్తవాలు

గవర్నర్‌పేట, సూర్యారావుపేట, గాంధీనగర్‌లలో టూలెట్ బోర్డు చూసి వచ్చేవాళ్లు ముందుగా అద్దె ఎంతని అడుగుతారు. ముందు అడగాల్సింది కరెంటు మీటరు సంగతి.

అపోహ: సబ్‌మీటరు (మెయిన్ మీటరు తర్వాత ఒక్కో వాటాకు పెట్టే చిన్న మీటరు) ఉంటే ఎవరి బిల్లు వాళ్లదే.

వాస్తవం: పాత మేడల్లో రెండు మూడు వాటాలకు కలిపి ఒకే కరెంటు కనెక్షన్ ఉంటుంది. యూనిట్లు పెరిగేకొద్దీ రేటూ పెరుగుతుంది కాబట్టి, వాడకం కలిసిందంటే అందరూ పై స్లాబులో పడతారు. 2022 ఆగస్టు టారిఫ్ లెక్కన 150 యూనిట్లకు ఎనర్జీ చార్జీ, అంటే వాడిన యూనిట్ల ధర, 567 రూపాయలు. వేర్వేరు మీటర్లున్న రెండు కుటుంబాలకు కలిపి 1,134. అవే 300 యూనిట్లు ఒక్క మీటరులో తిరిగితే 1,673. ఫిక్స్‌డ్ చార్జీలు, సర్దుబాట్లు వీటికి అదనం.

విడి మీటరు ఉందన్నా నమ్మి ఊరుకోవద్దు. మీ వాటా మెయిన్ ఆపించి, నీళ్ల మోటారు, మెట్ల లైటు వేయించి, మీటరు దగ్గర రెండు నిమిషాలు నిలబడండి. ఎర్ర లైటు ఇంకా మిణుకుతోందంటే వేరేవాళ్ల కరెంటు మీ బిల్లులో పడుతున్నట్టే. ఒక హెచ్‌పీ మోటారు గంట తిరిగితే దాదాపు ఒక యూనిట్.

అపోహ: 11 నెలల అగ్రిమెంటుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

వాస్తవం: మన రాష్ట్రంలో కావాలి. రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్‌కు 1999లో చేసిన సవరణతో, గడువు ఎంతైనా లీజు పత్రం రిజిస్టరు కావాల్సిందే. ఏదేమైనా అడ్వాన్సు మాత్రం చేతికివ్వకుండా బ్యాంకు ద్వారానే పంపండి.

అపోహ: కృష్ణ పక్కనుంటే మునక, దూరంగా ఉంటే క్షేమం.

వాస్తవం: 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అయినా రోజుల తరబడి నీళ్లలో నానింది బుడమేరు వాగు వైపున్న సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట. సెంటర్లో భయపడాల్సింది వాన నీటికి. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో పాత ఇళ్ల గడపలు కిందైపోయాయి. సంపు మూత నేలకు సమంగా ఉంటే గట్టి వానకి మురుగు అందులోకే దిగుతుంది. మూత చుట్టూ జానెడు గట్టు ఉందో లేదో చూడండి. గోడ మీద పాత నీటి చార ఎంత ఎత్తునుందో కూడా.

ఇక సెంటర్లో ఉంటే బండి అక్కర్లేదన్న మాట చాలావరకు నిజమే. గాంధీనగర్ నుంచి రైల్వే స్టేషన్‌కి నడిచి వెళ్లొచ్చు. కాకపోతే సామాను దించే ముందు మెట్ల మలుపు టేపుతో కొలవండి. పాత మేడల్లో విడదీయని డబుల్ కాట్ అక్కడే ఇరుక్కుంటుంది.